హుకుం ఇంట్లో ఏడుగురు

"ఈవిడ చీటీలు పొయ్యిలో పెట్టి తగలేసింది మాస్టారూ!" అని ప్రెస్సు మేనేజరు కేక పెట్టినప్పుడు నేను గుమ్మంలో ఉన్నాను. నా చేతిలో మా తోటికోడలి భోజనం క్యారియరు ఉంది. మరిచిపోయి వెళ్ళిందని మా అత్తగారు నాచేత పంపారు. పెద్దకోడలు చిన్నకోడలికి క్యారియరు మోసే వింత మా ఇంట్లోనే చూడాలి. అందుకే కాబోలు, ఆ కేక చెవిన పడగానే నా కడుపులో చల్లగా అయింది. ఇన్నాళ్ళకి దీన్ని నిలదీసే మగాడు పుట్టాడనుకున్నాను.

సైకిలు షాపు మీద రెండు గదులు మాస్టారివి. ఆయన బళ్ళో అరబ్బీ చెప్పి రిటైరయ్యారు. ఆ భాషలోని మాటలన్నిటికీ మన భాషలో అర్థాలు రాస్తూ ముప్ఫై ఏళ్ళుగా నిఘంటువు కడుతున్నారు. మాటకొక చీటీ. అక్షరానికొక చెక్కపెట్టె. గోడల పొడుగునా ఇరవై ఎనిమిది పెట్టెలు. వాటి మధ్య మేనేజరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ మీమ్ పెట్టె చూడండి. మ అక్షరంతో ఆ భాషలో ఎన్ని మాటలున్నాయో నాకు తెలీదా? ఇందులో గుప్పెడు లేవు. తుడిచే మనిషికి పుస్తకం అప్పజెబితే ఇంతే!"

మాస్టారికి అప్పుడే ఉబ్బసం. దగ్గుతూ, ఆమెనే అడగమన్నట్టు చెయ్యి చూపించారు.

మా తోటికోడలు కంగారు పడలేదు. పడుతుందేమోనని నేను కళ్ళార్పకుండా చూశాను. "మీకు ఏ మాట కావాలండీ?" అంది.

"మంజూరు."

న అక్షరం ఉండే నూన్ పెట్టెలోంచి తీసి చేతిలో పెట్టింది.

"మజిలీ."

అదీ నూన్ పెట్టెలోంచే.

"మజ్లిస్. మహకమా." ఆయన గొంతు సగానికి దిగింది. ఒకటి జీమ్‌లోంచి వచ్చింది, ఇంకోటి హాలోంచి వచ్చింది.

"ఆడపిల్ల పెళ్ళయి పోతూ పేరుకి ముందో 'మ' తగిలించుకుంటే పుట్టిల్లు మారిపోతుందా అండీ?" అంది మా తోటికోడలు. "మంజూరు పుట్టిల్లు నజరు, అంటే చూపు. పెద్దాయన చూపు పడితేనేగా కాగితం మంజూరయ్యేది! మజిలీ పుట్టిల్లు దిగడం. బండి దిగిన చోటే మజిలీ. మజ్లిస్ పుట్టిల్లు కూర్చోవడం. నలుగురూ కూర్చోకుండా సభ ఎక్కడుంది? అందుకే ఎవరి చీటీ వాళ్ళ పుట్టింటి కట్టలో ఉంటుంది. మీరు వీధిలో నిలబడి గుమ్మాలు లెక్కపెడుతున్నారు. ఇళ్ళలోకి వచ్చి చూడండి."

మాస్టారు దగ్గులోనే నవ్వారు. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. నాకైతే క్యారియరు అక్కడే పారేసి వెళ్ళిపోవాలనిపించింది.

కానీ ఓడినవాడు ఊరుకోడు కదా. లేచి వెళ్తూ వెళ్తూ, "సరేనమ్మా. అచ్చుకి తీసుకెళ్ళేనాడు కట్టకట్టా నా ఎదుట విప్పించి లెక్క చూస్తాను. ఒక్క చీటీ తగ్గినా నువ్వు మా ప్రెస్సు మెట్టెక్కక్కర్లేదు" అన్నాడు. ఎందుకన్నాడంటే, పుస్తకం అచ్చయ్యే రెండేళ్ళూ ఆమె ప్రెస్సులో కుర్చీ వేసుకుని కూర్చోవాలనీ, ప్రతి పేజీనీ చీటీతో సరిచూడాలనీ మాస్టారు ముందే మాట పుచ్చుకున్నారు. జీతం మాట అటుంచండి. మా ఇంట్లో ఆడదానికి కుర్చీ అన్నది అదే మొదలు.

"అలాగేనండీ" అంది మా తోటికోడలు.

ఆ కుర్చీ న్యాయంగా నాది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. గది తుడవడానికి మనిషి కావాలని మాస్టారు కబురు చేసింది ముందు నాకే. "మేం ఒకరింట్లో చీపురు పట్టే రకం కాదు" అని నేనే మొహం మీద చెప్పి పంపాను. అంతటితో ఊరుకున్నానా? "మా చిన్నదాన్ని అడగండి, దానికి సిగ్గూ ఎగ్గూ లేవు" అని కూడా అన్నాను. ఆమె పుట్టింట్లో కూలి పనులు చేసిన మనిషి. మా మరిది ఏరి కోరి చేసుకున్నాడు. బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. నేను అయిదు. ఆ ఒక్క ఏడాదినీ పట్టుకుని నేను ఆ ఇంట్లో పదిహేనేళ్ళు ఏలాను.

చీపురుతో వెళ్ళిన మనిషి చీటీల దాకా ఎలా వచ్చిందో మాస్టారు చెబితే విన్నాను. ఒకరోజు దులుపుతుంటే పెట్టె జారి వెయ్యి చీటీలు నేలపాలయ్యాయట. ఆయన ఊళ్ళో లేరు. వచ్చి చూసేసరికి ఏ కట్టకా కట్ట దారంతో కట్టి ఉంది. అరబ్బీలో ఒక్క అక్షరం రాని మనిషి ఎలా కట్టిందని ఆయన అదిరిపోయారు. ప్రతి చీటీ మీదా, ఆ మాట పుట్టింటివైన మూడు అక్షరాల కింద ఆయన ఎర్ర పెన్సిలుతో గీత గీసేవారు. ఈమె ఆ మూడింటి పోలికలు పట్టుకుని, చుక్కలు లెక్కపెట్టుకుని, రెండు రోజులు నేల మీద కూర్చుని ఏరింది. ఆ భాషలో ఒకే అక్షరం మాట మొదట్లో ఒకలా ఉంటుంది, నడిమిలో ఒకలా, చివర ఒకలా. "తల నున్నగా గొరిగించుకున్నా తమ్ముణ్ణి గుర్తుపట్టమా మాస్టారూ?" అందట. ఆ మర్నాటినుంచి చీపురు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

అప్పట్నుంచి మా ఇల్లు ఇల్లు కాదు, పాఠశాల. మా మామగారు పేపరు చదువుతూ, "చిన్నమ్మాయీ, ఈ మాట ఎక్కడిదే?" అనేవారు. పెద్దమ్మాయి పక్కనే కూరగాయలు తరుగుతోంది కదా, దానికీ రెండు చెవులున్నాయి కదా అన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆమెకి గర్వం ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. ఉంటేగా! "నాకు తెలీదు మామయ్యా, రేపు అడిగి చెప్తా" అనేది. ఆ తెలీదు అనడం కూడా ఎంత బాగుండేదంటే, నాకు తెలిసినవన్నీ దాని ముందు దండగనిపించేవి.

ఒకనాడు భోజనాల దగ్గర మా మరిది అడిగాడు. "ఇవాళ ఎవరింటికి వెళ్ళొచ్చావు?"

"హుకుం వాళ్ళింటికి" అంది. "వాళ్ళ ఇంట్లో ఏడుగురు. హుకుం సరే, మనకి తెలుసు. తీర్పు చెప్పే హాకిం, మందిచ్చే హకీం అన్నదమ్ములు. హిక్మత్ అంటే తెలివి, ఆవిడ అక్క. కోర్టుని మహకమా అంటారు, పెళ్ళయిపోయిన పిల్ల. ముహ్‌కమ్ అంటే గట్టిగా కట్టింది, కదలనిది. ఏడోది వింటే మీరు నమ్మరు. హకమా. గుర్రం నోట్లో పెట్టే కళ్ళెం ఇనుము!"

"వీళ్ళందరి మధ్యా గుర్రానికేం పని?" అన్నారు మామగారు.

"నేనూ అదే అడిగాను మామయ్యా. మాస్టారేమన్నారంటే, అదుపు చేయడం ఒక్కటే వీళ్ళింటి వృత్తి అట. హుకుం జనాన్ని అదుపు చేస్తుంది. హాకిం దొంగని, హకీం రోగాన్ని. తెలివి మన బుద్ధిని. ఈ ఇనుము గుర్రాన్ని."

అందరూ ముద్ద ఆపి వింటున్నారు. నిజం చెప్పాలంటే నేను కూడా. అంతలో మా ఆయన, ఏడాదికో జోకు వేసే మనిషి, ఆ ఏడాది జోకు అప్పుడే వేశారు. "అయితే ఒకటి తెచ్చిపెట్టమ్మా, మీ అక్క నోటికి సరిపోయే సైజులో!"

మామగారు పొలమారేలా నవ్వారు. అత్తగారు కంచంలోకి చూసి నవ్వారు. మా తోటికోడలు నవ్వలేదు, పెదవి బిగించింది. ఆ బిగించడమే నన్ను కాల్చింది. నా మీద జాలి పడే స్థాయికి వచ్చేసిందన్నమాట! నేను ఆపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది చూసి వాళ్ళు ఇంకా నవ్వారు.

ఆ వానాకాలం మాస్టారిని ఆసుపత్రిలో చేర్చారు. ఆయన గది కప్పు కారుతోందని మా తోటికోడలు ఇరవై ఎనిమిది పెట్టెలనీ తోపుడుబండి మీద మా ముందుగదికి చేర్చింది. కట్ట పైన ఒక తలచీటీ, దాని మీద ఆ ఇంట్లో ఎందరో అంకె. ఆమె పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళేది, మధ్యాహ్నం దాకా నేనూ పెట్టెలూ మిగిలేవాళ్ళం. ఓర్వలేనమ్మని ఒంటరిగా వదలకూడదు.

హా పెట్టె ఆరోది. అందులో హుకుం వాళ్ళ కట్ట వెతుక్కోవడానికి నాకు చాలాసేపు పట్టింది. అరబ్బీ నాకు రాదు. కానీ అర్థం మన అక్షరాల్లో ఉంటుంది, దానికి నా అయిదో తరగతి చాలు. "గుర్రపు నోటి కళ్ళెపు ఇనుము" అని మాస్టారి వంకర రాతలో ఉంది. దాన్ని ఒక్కదాన్నే లాగి, దారం మళ్ళీ ముడివేసి, నా ట్రంకుపెట్టెలో దుప్పటి మడతలో పెట్టాను. చింపడానికి చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో నన్ను చూసి నవ్విన వస్తువు అదొక్కటి ఉండకూడదనిపించింది, అంతే.

పది రోజుల తర్వాత మేనేజరు లెక్కకి వస్తున్నానని కబురు పెట్టాడు. రోజుకొక పెట్టె. ఆయన వచ్చే ముందు సాయంత్రం ఆమె ఆ పెట్టెని ఒకసారి చూసుకునేది. నాలుగు పెట్టెల్లో చీమ తలంత తేడా కూడా రాలేదు. జీమ్ పెట్టె ముందురోజు, కుదురుండక హా పెట్టె కూడా విప్పింది. నేను వంటింట్లోంచి వింటున్నాను. ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ రోజూ మర్నాడూ ఇల్లంతా వెతికింది. పెట్టెల కింద, చాపల కింద, ముందు వెనక కట్టల్లో. అన్నం తినమంటే "పెట్టండక్కా, వస్తా" అని రాలేదు. మధ్యలో వచ్చి జీమ్ పెట్టె లెక్క చూసుకుని మేనేజరు వెళ్ళాడు. ఆయన ఎదుట ఆమె మొహం మామూలుగానే ఉంది. ఆయన వెళ్ళాక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆసుపత్రిలో మాస్టారికి మాట పడిపోయిందని అంతకు ముందే తెలిసింది. ఆ కుర్చీ ఇక ఆయన ఇప్పించేది కాదు.

నాకు లోపల పీకుతోంది. పీకుతున్నా నోరు ఊరుకోదుగా. "దానికంత ఏడుపెందుకే? తలచీటీ మీద ఏడుని ఆరు చెయ్యి. ఎవడికి తెలుస్తుంది?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "ఇంట్లో మనిషి తప్పిపోతే వెతుక్కుంటామా, ఒక కంచం తగ్గించి వడ్డించుకుంటామా అక్కా?"

"పోనీ నువ్వే ఇంకోటి రాసిపారెయ్. అర్థం నీకు కంఠతానే కదా."

"మాస్టారి చేతిరాత నేను రాస్తే అది దొంగచీటీ. ఆ మేనేజరు నేను పొయ్యిలో పెట్టానన్నాడు చూడండి, అదే నయం అవుతుంది." హుకుం వాళ్ళ కట్టకి దారం చుడుతూ మళ్ళీ అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తా. కుర్చీ పోతే పోయింది. ఇన్నేళ్ళు ఎవరి గడపా తప్పకుండా చేర్చాను, ఒక్కదాన్ని పోగొట్టానంటేనే..." అని ఆపేసింది.

నేను గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను. వెళ్ళి ట్రంకుపెట్టె తీస్తే చాలు. తీస్తే నేనేం చెప్పాలి? వయసులో పెద్దదాన్ని, ఆ ఇంటికి ముందు వచ్చినదాన్ని, దుప్పటి మడతలోంచి చీటీ తీసి ఇవ్వనా? ఇవ్వకపోతే, రేపటినుంచి ఆమె కూడా నాలాగే పొయ్యి దగ్గరికి వచ్చేస్తుంది. నేను కోరుకున్నది అదే కదా అని నన్ను నేను అడిగాను. ఔనని గట్టిగా అనలేకపోయాను.

దీపాలు పెట్టే వేళకి ఆమె వంటింటి గడపలోకి వచ్చింది. మొహం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది. హా పెట్టె చంకన ఉంది. దాన్ని తెచ్చి నా ముందు, కడిగిన గిన్నెల పక్కన దించింది. ఆమెకి తెలిసిందో, తెలియలేదో ఆ మొహంలో నాకు కనపడలేదు. ఈనాటికీ అడగలేదు. ఆమె నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, ఇప్పటికీ కర్ర లేకుండా నడుస్తుంది, అదొక మంట.

"అక్కా" అంది. "రేపు మేనేజరు వచ్చేసరికి నేను ఆసుపత్రిలో ఉంటాను. మాస్టారికి బాగాలేదట, కబురొచ్చింది. ఈ పెట్టె దగ్గర ఇంట్లోవాళ్ళెవరో ఒకరు కూర్చోవాలి. బయటివాళ్ళ చేతికి ఇవ్వలేను. ఈ రాత్రికి ఇది మీ దగ్గరే ఉంటుంది."

"నాకేం తెలుసే వాటి సంగతి?" అన్నాను.

"తెలియక్కర్లేదు. ఎర్రగీతలు చూసి కట్ట విప్పడమే. మిగతా కట్టలు ఆయన్నే విప్పుకోనివ్వండి. హుకుం వాళ్ళ కట్ట మాత్రం మీ చేత్తో విప్పి, ఆయన ఎదుట మీరే పైకి లెక్కపెట్టండి."