శబరి చేతిలో మామిడిపండు

1986 వేసవి. పినపాక దాటి అడవిలోకి మలుపు తిరిగే దారి పక్కన, భద్రాచలం పోయే యాత్రికుల కోసం కొత్తగా ఒక సత్రం కట్టారు. దాని హాల్లో పన్నెండడుగుల గోడ మీద శబరి రాముడికి పళ్లిచ్చే దృశ్యం వేయడం నా పని. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాను. ఇల్లందులో రెండేళ్లు ఇళ్ల నక్షలు గీసి, అది మానేసి, ఇక బొమ్మలతోనే బతకాలని తేల్చుకున్నాక వచ్చిన మొదటి పెద్ద గోడ అది. ఆ నెలంతా గీసిన గీతను పదిసార్లు కొలిచేవాణ్ని.

శబరి అనగానే అందరూ రేగుపళ్లు వేస్తారు. ప్రారంభోత్సవం వైశాఖంలో. వైశాఖంలో రేగుపళ్లు ఎక్కడివి? కిటికీలోంచి కనిపించే అడవే గోడ మీదా ఉండాలని నా పట్టుదల. అందుకని వారం రోజులు నోటుబుక్కు పట్టుకుని చుట్టుపక్కల తిరిగి జాబితా రాసుకున్నాను:

1. ఇప్ప: పువ్వు రాలడం అయిపోయింది. రాగిరంగు చిగురు.
2. తునికి: బీడీ ఆకు కోత నడుస్తోంది.
3. మోదుగ: పువ్వు లేదు.
4. మామిడి: సత్రం వెనక కోయగూడెం చుట్టూ తొమ్మిది చెట్లు. పండి రాలుతున్నాయి. ఎవరూ ఏరడం లేదు.

నాలుగోదాని కింద గీత కూడా గీశాను. ఎందుకు ఏరడం లేదని మాత్రం ఎవరినీ అడగలేదు.

శబరికి మోడల్‌గా, అంటే చూసి గీయడానికి కూర్చునే మనిషిగా, ముత్తమ్మ ఒప్పుకుంది. ఆ కోయగూడెమే ఆమెది. అరవై దాటి ఉంటాయి.

"నీ బొమ్మల నేనేం జెయ్యాలె?" అంది.

"రాముడికి పండివ్వాలి, అవ్వా."

"సీతమ్మ ఏదీ మరి?"

"ఎత్తుకుపోయారు కదా."

"గందుకేనా ఆయనను గింత బక్కగ గీసినవ్?"

మణుగూరు నుంచి తెచ్చిన మామిడిపండు ఆమె చేతికివ్వబోయాను. ముట్టుకోలేదు. బయటికి వెళ్లి వాగులోంచి ఒక గుండ్రటి రాయి తెచ్చుకుంది. మధ్యలో తెల్లటి చార ఉన్న నల్లరాయి. "ఇది వట్టుకుంట. నువ్ పండని ఏసుకో" అంది. చెయ్యి జిగటవుతుందని కాబోలు అనుకున్నాను. 'మోడల్ చేతిలో రాయి' అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ రోజు నుంచి ఆ రాయే నా కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉండేది.

చిన్న బొమ్మను గోడకు పెంచడానికి గ్రిడ్ వాడతాం. కాగితం మీద అంగుళం గళ్లు, గోడ మీద అడుగు గళ్లు గీసి, ఏ గడిలోది ఆ గడిలోకి ఎక్కించడం. ఆ లెక్కలో ముత్తమ్మ ముఖం మీది ప్రతి ముడతా తప్పకుండా గోడ మీదికి వచ్చింది. శబరి రుచి చూసి ఇచ్చింది కాబట్టి పండు మీద పంటిగాటు, పెదవి చివర ఒక రసం చుక్క వేశాను. బొమ్మ మొత్తంలో నాకు బాగా గర్వం కలిగించింది ఆ చుక్కే.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు వార్నిష్ కొట్టేశాను. రంగు చెదరకుండా పైన వేసే మెరుపు పూత అది. ఆ సాయంత్రం ఆకు కోతకు పోయిన గూడెం ఆడవాళ్లు బొమ్మ చూడడానికి వచ్చారు. ముత్తమ్మను గుర్తుపట్టి నవ్వుకున్నారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే గూడెం పెద్ద వచ్చాడు. అందరూ ఆయన్ని పటేల్ అంటారు.

"గీ బొమ్మ ముత్తవ్వదేనా?"

"అవును, పటేలా."

"పండు కొరికిందా?"

"బొమ్మలో కొరికింది."

"నీ ముంగట కొరికిందా అని అడుగుతున్న."

అప్పుడు చెప్పాడు. కొత్త మామిడి పండుగ చేసి, మొదటి పళ్లు ఊరి దేవతకు పెట్టేదాకా గూడెంలో ఎవరూ మామిడి ముట్టరు. ఈసారి ఒక ఇంట్లో చావు జరిగి పండుగ వెనక్కి పోయింది. ఇంకో ఐదు రోజులుంది. దేవతకు మొదటి గంప మోసేది ముత్తమ్మే. పెళ్లై వచ్చిననాటి నుంచి ఆమే మోస్తోంది. ఇప్పుడేమో, బొమ్మలాయన ఇచ్చిన పండు చాటుగా తిన్నదని, ఆమె గంప ఎత్తకూడదని ఆడవాళ్లు పట్టుబడుతున్నారు.

"ఆమె తినలేదు. నేను చెబుతాను."

"నువ్ జెప్తే ఇంటరా? గోడ మీద కనబడుతనే ఉన్నది గద."

"ముఖం మార్చేస్తాను."

"మొఖం తుడిస్తె తప్పు దాసినట్టే ఐతది."

ముత్తమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె తునికాకు కట్టలు కడుతోంది. తల ఎత్తలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వడగలే. చెట్టుచెట్టుకు నిలవడి అన్నీ రాసుకుంటివి. ఎరికేననుకున్న."

సత్రానికి తిరిగొచ్చి గోడ ముందు కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. పండు చెరిపి రేగుపళ్లు వేస్తే? అదీ దాచడమే. నేను నిజంగా చూసినదేమిటో నోటుబుక్కులో తిరగేశాను. 'మోడల్ చేతిలో రాయి.'

గరుకు కాగితం తీసుకుని వార్నిష్ గీకడం మొదలుపెట్టాను. పండు పోయింది, పంటిగాటు పోయింది, రసం చుక్క పోయింది. ఆ చేతిలో రాయి వేశాను. తెల్లచార ఎక్కడ సన్నబడుతుందో స్కేలు పెట్టి కొలిచి వేశాను.

మర్నాడు సత్రం కమిటీ సెక్రటరీ వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది తమ్మీ ఇది? శబరి రాముణ్ని కొట్టేటట్టున్నది."

"పండుగయ్యేదాకా ఇంతేనండి."

"ఎల్లుండి పెద్దమనుషులొస్తరు. ఏమని జెప్పాలె?"

"జరిగింది చెప్పండి. లేదా నన్ను పంపించేసి వేరేవాళ్లతో వేయించుకోండి."

పంపించేస్తే నా పేరు మీద ఇంకో గోడ రాదు. ఆయన బొమ్మ వైపు చూసి, "ఆ చెయ్యి మీదికి బంతిపూల దండ ఏలాడదీస్త. దండ దించేదాకా నువ్వు ఊరు దాటొద్దు" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం పటేల్ ఆ ఆడవాళ్లనే వెంటబెట్టుకుని వచ్చాడు. కాగితాల మీది రాయి తీసి గోడ మీది రాయి పక్కన పట్టుకున్నాను. ఒకామె దగ్గరికొచ్చి చారను వేలితో తడిమి చూసింది, ముందు గోడ మీద, తర్వాత రాయి మీద. "మన వాగుదే" అంది. వెనకనుంచి ఇంకొకామె, "గీ ముసల్ది పండిస్తె వద్దని రాయి వట్టుకుని కూసున్నదా" అని నవ్వింది.

ప్రారంభోత్సవం ఆ దండతోనే గడిచింది. ఆ పండుగకు గంప ముత్తమ్మే మోసింది.

మరుసటి రోజు ఆమె కొంగులో రెండు మామిడిపళ్లతో సత్రానికి వచ్చింది. దండ పక్కకు జరిపి, తనంతట తానే పాత చోట కూర్చుని, ఒకటి కొరికింది. ముఖం చిట్లించింది. "పులుపు. గిది ఇస్తె రాముడు లేసిపోతడు. ఆగు." రెండోది కొరికి, నమిలి, చెయ్యి చాపింది. "ఇగ ఎయ్యి."

ఆ తర్వాత అడవుల్లో, గుళ్లలో చాలా గోడలు వేశాను. జాబితాలు ఇప్పటికీ రాస్తాను. కానీ ప్రతి అంశం పక్కన ఒక గడి ఖాళీగా వదులుతాను, ఎవరిని అడిగానో వాళ్ల పేరు కోసం. ఆ గడి నిండందే రంగు కలపను.

ఆ సత్రంలో శబరి చేతిలో ఇప్పుడు పండే ఉంది. రాయిని గీకకుండా దాని మీదే వేశాను. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడు, పండు తొక్క కింద ఆ చార సన్నగా ఉబ్బి కనిపిస్తుంది.