సిపాయి కథ రాస్తూ నేను మోసుకెళ్లిన జబ్బు

ఆ బుధవారం పొద్దున తాలింపులో ఇంగువ వేస్తే వాసన రాలేదు. డబ్బా పాతదైందేమోనని ఇంకో చిటికెడు వేశాను. రెండు రోజులుగా పొడిదగ్గు కూడా ఉంది. డస్ట్ ఎలర్జీ అని నాకు నేనే తేల్చేసుకున్నాను, పెద్ద డాక్టర్నైనట్టు.

నలభై రెండేళ్ల వయసులో ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా విషయం ఒక స్పానిష్ సిపాయి జీవితం. తిండికి గతిలేక ఇరవయ్యో ఏట బంగారం కోసం ఓడెక్కి, మెక్సికో మీద దండెత్తిన గుంపులో కలిశాడు. ముసలితనంలో రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. ఎన్ని నదులు ఈదాడో, ఏ కాలికి బాణం దిగిందో అన్నీ రాశాడు. తమ వెంట ఓడల్లో వచ్చిన మశూచికి అక్కడి ఊళ్లో వీధులకు వీధులే తుడిచిపెట్టుకుపోయిన సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ వారం నేను అతణ్ణి కడిగేస్తూ ఆ అధ్యాయమే రాస్తున్నాను.

అయినా నా బుద్ధి గడ్డి తింది. దగ్గర్లోని ఆడమ్స్‌టౌన్‌లో, నన్ను అక్కా అని పిలిచే రవి ఇంట్లో వాళ్లమ్మ సుశీల ఆంటీ ఉన్నారు. ఇండియా నుంచి కొడుకును చూడ్డానికొచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నారు. ఆవిడ సున్నుండలిచ్చిన డబ్బా మా ఇంట్లో ఉండిపోయింది. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కదా! పప్పుచారు నింపి ఆ బుధవారమే పట్టుకెళ్లాను. గుమ్మంలో ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను.

"ఇదేంటే, పరాయిదానిలా! కాఫీ తాగి వెళ్లు," అని చెయ్యి పట్టి లోపలికి లాగారు. మాస్క్ గడ్డం కిందికి దించుకుని పావుగంట కూర్చున్నాను.

శనివారానికి మెట్లెక్కలేకపోయాను. మా జీపీ డాక్టరు ఫోన్లోనే నా ఊపిరి విని అంబులెన్స్ పంపాడు. కోవిడ్ పాజిటివ్. రెండు లంగ్స్‌లోనూ నిమోనియా. "ఎవరికీ చెప్పకండి," అని మావారితో అన్నాను. కాంటాక్ట్ ట్రేసింగ్ వాళ్లు ఫోన్ చేసి ఈ మధ్య ఎవరినైనా కలిశారా అని అడిగితే లేదన్నాను. లాక్‌డౌన్‌లో ఇంకొకరింటికి వెళ్లానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

వార్డులో కర్నూలు డాక్టరు ఒకాయన ఉండేవాడు. "అక్కా, హై ఫ్లో ఆక్సిజన్ పెడుతున్నాం. బోర్లా పడుకోవాల. మాట ఇనకపోతే గొంతులో ట్యూబ్ వేయాల్సొస్తాది," అన్నాడు.

నాలుగో రోజు డెలీరియం వచ్చి లేనివన్నీ కనిపించాయి. గౌన్లూ, ముఖానికి అడ్డంగా వైజర్లూ వేసుకున్న నర్సులు నా కళ్లకు ఇనప తొడుగుల సిపాయిల్లా కనిపించారు. నేను ఆ మెక్సికో ఊళ్లో మశూచితో పడున్నాననుకున్నాను. ఆక్సిజన్ మాస్క్ పీకేశాను. రక్తంలో ఆక్సిజన్ పడిపోయింది. నర్సు టాబ్లెట్‌లో మా అమ్మాయిని చూపించింది. "మామ్, డోంట్ టేక్ ఇట్ ఆఫ్, ప్లీజ్," అని అది ఏడుస్తోంది. చచ్చిపోతే బాగుండుననిపించింది, దేవుడా.

తెలివొచ్చాక వీడియో కాల్‌లో మావారిని రోజూ ఒకటే అడిగేదాన్ని, ఆంటీ ఎలా ఉన్నారని. "బాగానే ఉన్నారు, నువ్వు కోలుకో ముందు," అనేవారు. ఆయన కళ్లు స్క్రీన్ మీద నిలిచేవి కావు. ఇంటికొచ్చిన మూడో రోజు చెప్పారు. నేను వెంటిలేటర్ అంచు దాకా వెళ్లిన వారంలోనే, ఇంకో హాస్పిటల్లో ఆంటీ పోయారట.

నడవగలిగాక రవి ఇంటికి వెళ్లి బయటే నిలబడి చెప్పాను. "అమ్మకు అంటించింది నేనేరా. ఆ రోజు నాకు దగ్గుంది. ట్రేసింగ్ వాళ్లు అడిగినా మీ ఇంటికొచ్చానని చెప్పలేదు."

రవి గుమ్మం దాటి రాలేదు. "చెప్పుంటే అమ్మకు జ్వరం వచ్చిన రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్లేవాణ్ణి అక్కా. చలికేమో అనుకున్నాం." తలుపు వేయబోతూ ఆగాడు. "నీ దగ్గు అమ్మ కనిపెట్టింది. పాపం పిల్ల దగ్గుతోందిరా, మిరియాల చారు ఇచ్చిరా అని మర్నాడే కాచింది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు."

ఇప్పుడూ మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాను. ఆ అధ్యాయంలో సిపాయిని తిట్టిన పేజీలన్నీ కొట్టేశాను, ఆ హక్కు నాకు లేదు. మీకు చెప్పేది ఒక్కటే. ఒంట్లో తేడా వస్తే, కలిసిన ప్రతి ఒక్కరికీ ఆ రోజే మీరే ఫోన్ చేయండి. తిడితే తిట్టనివ్వండి. తిట్టడానికైనా వాళ్లు ఉంటారు.