ఉగ్గానికి ముందు వందన సమర్పణ

మా వినాయకనగర్ సంక్షేమ సంఘంలో ఆదినారాయణ గారిది ఒకటే పని. వందన సమర్పణ. అధ్యక్షులు మారారు, కోశాధికారులు అలిగి వెళ్ళిపోయారు, కార్యదర్శి పదవి తిరిగి తిరిగి వచ్చి నా నెత్తిన పడింది. ఆయన మాత్రం పన్నెండేళ్ళుగా ఆహ్వానపత్రంలో చివరి నుంచి రెండో వరుసలోనే ఉన్నారు. చివరి వరుసలో అల్పాహారం ఉంటుంది. జనం పత్రాన్ని కింది నుంచి పైకి చదువుతారు కాబట్టి, రెండో వరుస దాకా వచ్చేవాళ్ళు తక్కువ.

ఆయన గొంతుకు ఒక చరిత్ర ఉంది. ముప్పై ఏళ్ళు హిందూపురం బస్టాండులో మైకు ముందు కూర్చుని మడకశిర బస్సు ఎక్కడుందో, అగళి బస్సు ఎప్పుడు కదులుతుందో చెప్పేవారు. ఆయన నోరు తెరిస్తే చాలు, జనం సంచులెత్తుకుని పరుగు తీసేవాళ్ళు. రిటైరయ్యాక కూడా అదే జరుగుతోందని భార్య గంగాదేవి గారు నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు.

మా కాలనీ వెనక ఒక వంక ఉంది. వానొస్తే నీళ్ళు పారాల్సిన దారి అది. ఏటా జూలైలో దాని గట్టున మేం మొక్కలు నాటుతాం. షామియానా, కుర్చీలు, మైకు, ముఖ్య అతిథి, ఫొటోలు, ఆ తర్వాత కృష్ణమ్మ బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మొక్కలు ఏటా కొత్తవే. గుంతలు మాత్రం అవే. పోయిన ఏటి మొక్క చచ్చిపోయి ఉంటుంది గనక ఆ గుంతలోనే కొత్తది పెడతాం. పన్నెండేళ్ళలో మూడు వందల మొక్కలు నాటామని మా అధ్యక్షుడు సుధాకర్ గర్వంగా చెబుతాడు. గుంతలు ఇరవై అయిదు అని ఆయన చెప్పడు, మేమూ అడగం.

ఆదినారాయణ గారి వందన సమర్పణ రెండున్నర పేజీలు. పొడుగు కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ముందు రోజే రాసి పెట్టుకుంటారు. గంగాదేవి గారు బియ్యం ఏరుతుంటే ఆమె ఎదుట ఒకసారి చదివి చూసుకుంటారు. తీరా సభలో "ఈ కార్యక్రమానికి విచ్చేసిన" అనగానే మొదటి వరుస లేస్తుంది. "విచ్చేసిన పెద్దలకు" అనేసరికి కుర్చీలన్నీ ఖాళీ. మైకు సెట్టు అతను కూడా ఉగ్గాని కోసం పోతాడు, మైకు ఆపడం కూడా మరిచిపోతాడు. అయినా ఆయన ఒక్క ముక్క వదలకుండా చివరిదాకా చదివేవారు. షామియానా వాళ్ళు వచ్చి కాస్త కాలెత్తండి సార్ అంటే, ఎత్తి, చదువుతూనే, మళ్ళీ దించేవారు. నాలుగేళ్ళ కింద ఒక్కసారి పెద్ద వాన పడి జనమంతా షామియానా కింద ఇరుక్కుపోయారు. ఆ రోజు రెండో పేజీ దాకా వచ్చారు, వాన చప్పుడుకు ఒక్క ముక్కా వినిపించకపోయినా. అప్పుడు షామియానాలో నిలిచిన నీళ్ళు మొదటి వరుస మీద ఒక్కసారిగా పడ్డాయి.

పోయిన జూలైలో సభకు రెండు రోజుల ముందు గంగాదేవి గారు మా ఇంటికి వచ్చారు. ఈసారి ఒక్క మనిషైనా చివరిదాకా కూర్చుని వినకపోతే ఇంక మైకు పట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నారట. ఆమె ముఖంలో నవ్వు లేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఏడాదికొక పావుగంట కోసం మిగతా ఏడాదంతా ఎదురుచూసే మనిషి. అది కూడా మానేస్తే ఇంట్లో గోడలతో మాట్లాడతాడని ఆమె భయం. నేను వింటానులెండి అని మాటిచ్చాను. ఇస్తున్నప్పుడే నాకు తెలుసు, బజ్జీలు వేడిగా ఉంటే ఆ మాట నిలవదని. అంతకుముందు ఏడూ ఇలాగే మాటిచ్చాను.

సభ రోజు ముఖ్య అతిథి ధర్మవరం నుంచి రావాలి. అటవీశాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మొక్కలు నాటే కాలం కదా, ఆయనకు ఆ రోజు గిరాకీ ఎక్కువ. ఎనిమిదికి ధర్మవరంలో ఒకచోట, పదికి పెనుకొండలో ఇంకొకచోట, పదకొండుకు మా దగ్గర. పన్నెండయింది. ఆయన ఇంకా పెనుకొండలోనే సన్మానం చేయించుకుంటున్నారని ఫోనొచ్చింది. అతిథి రాకముందు ఉగ్గాని బేసిను మూత తీయకూడదని సుధాకర్ హుకుం. కృష్ణమ్మ ఆ మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది. వాసన మాత్రం మూత కింద నుంచి వచ్చేస్తోంది. జనం కుర్చీల్లో అటూ ఇటూ మెదులుతున్నారు. సుధాకర్ అప్పటికే రెండుసార్లు ప్రసంగించాడు. మూడోసారి లేస్తే కొందరు ఇళ్ళకు పోయేలా ఉన్నారు.

అప్పుడు నాకు ఆ బుద్ధి పుట్టింది. వందన సమర్పణ ముందే కానిచ్చేద్దామన్నాను.

ఆదినారాయణ గారు బెదిరిపోయారు. "జరగందానికి ధన్యవాదాలు ఎట్ల సెప్పేదమ్మా? బస్సు రాకముందే పోయిందని సెప్పినట్లుంటాది" అన్నారు. అని, నిండుగా ఉన్న కుర్చీల వైపు చూశారు. మూత మీదున్న కృష్ణమ్మ చెయ్యి వైపు చూశారు. ఇలాంటి రోజు మళ్ళీ రాదని ఆయనకూ అర్థమైంది. కళ్ళజోడు తుడుచుకుని లేచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన ఆ రెండున్నర పేజీలు ఎక్కడి నుంచి తెస్తారో మాలో ఎవరికీ అప్పటికి తెలియదు. నెలనెలా జరిగే మా సంఘం సమావేశాల్లో ఎవరేం చేస్తామన్నారో ఆయన నోటుబుక్కులో రాసుకుంటారు. చేస్తామన్నవాళ్ళు చేసే ఉంటారని నమ్మి, వాటన్నిటికీ కృతజ్ఞతలు రాస్తారు. పన్నెండేళ్ళుగా అదే పద్ధతి. ఎవరూ వినలేదు గనక ఎవరికీ ప్రమాదం జరగలేదు.

మొదటి పేజీ సగంలో సుధాకర్ పేరు వచ్చింది. ఇంటి మీద అంతస్తు కట్టినప్పుడు వంకలో పోసిన ఇటుక ముక్కలూ, సిమెంటు పెళ్ళలూ తన సొంత ట్రాక్టరుతో ఎత్తించి, నీళ్ళకు దారి ఇచ్చిన మా ప్రియతమ అధ్యక్షులకు హృదయపూర్వక వందనాలు అన్నారు. అందరి తలలూ ఒక్కసారిగా వంక వైపు తిరిగాయి. ఇటుక ముక్కలు గుట్టగా అక్కడే ఉన్నాయి. దాని మీద ఒక కుక్క పడుకుని ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆకలితో ఉన్న జనానికి ఏదో ఒక పని కావాలి కాబట్టి అందరూ కొట్టారు. సుధాకర్ ఏం చేస్తాడు పాపం, లేచి చేతులు జోడించాడు.

తర్వాత బాలప్ప. టీకొట్టు కప్పులు వంకలో వేయడం మాని, డ్రమ్ము పెట్టించినందుకు ఆయనకు ధన్యవాదాలు. బాలప్పకు డ్రమ్మూ లేదు, పెట్టాలన్న జ్ఞాపకమూ లేదు. చేతిలో ఉన్న ఖాళీ కప్పును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. నేను పగలబడి నవ్వుతున్నాను. ఆ నవ్వు సగంలో ఉండగానే నా పేరు వినిపించింది. ఎండాకాలమంతా పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు మోసి, మొక్కలను కన్నబిడ్డల్లా కాపాడిన వసుంధర గారికి సంఘం రుణపడి ఉంటుందట. ఆ మొక్కలు అంతకుముందు ఆగస్టులోనే గొర్రెల కడుపులో చేరాయి. వేసవికి కాపాడటానికి ఒక ఆకు కూడా లేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. నాకు అందరికంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

ఆయన మాత్రం ఒక్కొక్క పేరూ ఎంతో ప్రేమగా చదువుతున్నారు. ఎగతాళి ఆయనకు చేతకాదు. జనం తన మాట వింటున్నారని ముఖం వెలిగిపోతోంది. రెండో పేజీ అయిపోయింది. మిగిలిన అర పేజీ కోసం కాగితం తిప్పారు. నేను మనసులో దేవుడికి మొక్కుకున్నాను, ఇంకొక్క రెండు నిమిషాలు ఆగు స్వామీ అని.

కారు హారను వినిపించింది.

ముఖ్య అతిథి దిగీదిగకముందే సుధాకర్ దండతో పరుగెత్తాడు. కృష్ణమ్మ మూత తీసింది. క్షణంలో కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. కార్యదర్శిని కాబట్టి నేనూ అతిథి దగ్గరికి పోవాల్సి వచ్చింది. అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. నిజానికి నేను పోయింది బజ్జీల వైపు. వెనక నుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది, మిగిలిన అర పేజీ చదువుతూ.

తిరిగి వచ్చేసరికి ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నారు. కోపం లేదు. "అర పేజీనేలేమ్మా" అన్నారు. ఉగ్గాని తినకుండానే ఇంటికి వెళ్ళిపోయారు. నాకు ఆ బజ్జీ గొంతు దిగలేదు. దిగలేదంటే, మూడోది దిగలేదు.

మూడో రోజు పొద్దున వంకలో ట్రాక్టరు చప్పుడు. చప్పట్లు కొట్టించుకున్నాక ఊరుకోలేక సుధాకర్ సణుక్కుంటూ ఇటుక ముక్కలు ఎత్తిస్తున్నాడు. బాలప్ప కొట్టు ముందు నీలం డ్రమ్ము వెలిసింది. నేను ఆ రోజు నాటిన మొక్కల కోసం రెండు బిందెలతో గట్టు మీదికి పోవడం మొదలుపెట్టాను. తలుపు తీసిన ప్రతి ఇంటివాళ్ళూ ఓహో రుణపడి ఉన్నామమ్మా అనేవాళ్ళు. ఆదినారాయణ గారు మాత్రం ఇల్లు కదల్లేదు. నోటుబుక్కు పాత పేపర్లలో వేయబోతే గంగాదేవి గారు తీసి బియ్యం డబ్బాలో దాచారట.

తర్వాతి ఆదివారం నేను బిందెలతో పోయేసరికి, ప్రతి మొక్క చుట్టూ ముళ్ళకంప గుండ్రంగా పేర్చి ఉంది. చివరి గుంత దగ్గర ఓబన్న వంగి కంప సర్దుతున్నాడు. వంకకు అవతల గొర్రెలు మేపుకునే మనిషి. ఏటా మా మొక్కలు మేసేది అతని గొర్రెలే. అతన్ని గట్టిగా కోప్పడి రమ్మని జూన్‌లో సంఘం ఆదినారాయణ గారిని పంపింది. ఆయన పోయి, కోప్పడటం చేతకాక, బాగున్నావా అని పలకరించి వచ్చారు.

ఇదేంటి ఓబన్నా అంటే, ఆ సార్‌ను ఒక్కసారి పిలవమన్నాడు. నేను బిందెలు అక్కడే వదిలి పరుగెత్తాను. ఆదినారాయణ గారు బనియన్ మీదనే వచ్చారు, వెనకే గంగాదేవి గారు.

ఓబన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా పేరు సెప్పినారు గద సార్. గొర్రెల్ని సెట్ల జోలికి రానీలేదని, నాకు ధన్యవాదాలని. సెప్పినాంక రానిస్తే బాగుండదు గదా."

నేను ఆదినారాయణ గారి వైపు చూశాను. మిగిలిన ఆ అర పేజీలో ఉన్నది ఓబన్న పేరు.

"నువ్వు యాడ్నుంచి ఇంటివి ఓబన్నా?" అన్నారాయన.

ఓబన్న వంక అవతలి గట్టు చూపించాడు. కాలనీలో చెవులు పోతున్నాయని మేం ఏటా లౌడ్‌స్పీకరును అటువైపే తిప్పి కడతాం. "ఏటా ఇంటాండా సార్, పన్నెండేండ్లుగా. అందురూ పోయినాంక మీ గొంతు ఒగటే వస్తాది. గొర్రెలు గూడా మెదలకుండా నిలబడుకుంటాయి. అందురి పేర్లూ సెప్తారు, నా పేరు ఎప్పుడొస్తాదో అని సూస్తాంటి. ఈ తూరి వచ్చె."

ఆదినారాయణ గారు కళ్ళజోడు తీసి బనియన్‌తో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. గంగాదేవి గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, అందులో సగం సిగ్గు.

ఓబన్న తలగుడ్డ చుట్టుకుని గొర్రెల వైపు నాలుగడుగులు వేసి, ఆగాడు. "వచ్చే ఏడు గూడా ముందే సదువుతారా సార్, కడాకు సదువుతారా?"

"కడాకే ఓబన్నా" అన్నారు ఆదినారాయణ గారు. "అందురూ ఉగ్గానికి పోయినాంకనే."

"అట్లయితే బాగ ఇనిపిస్తాది" అన్నాడు ఓబన్న.