సెల్ఫీ స్టిక్‌తో గుర్రమెక్కిన నేను

కుదరబోయే పెళ్లిని తన చేతులారా గుర్రం కాళ్ల కింద పడేసుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇలా కూర్చోండి. ఆ మనిషిని నేనే.

షార్జాలో ఉద్యోగం చేసుకునే నేను, పెళ్లిసంబంధాల యాప్‌లో నా హాబీ గుర్రపు స్వారీ అని రాసుకున్నాను. సాక్ష్యంగా ఫోటో కూడా పెట్టాను. హైదరాబాద్‌లో మా బావ పెళ్లి బరాత్‌కు తెచ్చిన గుర్రం మీద నేను కూర్చున్న ఫోటో అది. కళ్లెం పట్టుకున్న మనిషిని మాత్రం శుభ్రంగా కత్తిరించేశాను.

అది చూసి, అబుదాబిలో నర్సుగా చేసే సునీత మెసేజ్ పెట్టింది. "ఆదివారం నాకు డ్యూటీ లేదండీ. షార్జా వచ్చి మీ స్వారీ చూస్తాను. తర్వాతే మా నాన్నగారికి ఏ సంగతీ చెప్తాను."

అలా ఇద్దరం ఊరవతల గుర్రాల దగ్గరికి చేరాం. అక్కడున్నది ఒకప్పుడు ఒంటెల పందాలు జరిగిన ట్రాక్. పందాలు వేరే చోటికి పోయాక దాన్ని గుర్రాల దారిగా మార్చారు. గుండ్రంగా తిరిగొచ్చే దారి, అటూ ఇటూ ఇనుప కంచె. రైలెక్కినట్టే, కాకపోతే మధ్యలో దిగడానికి స్టేషన్లుండవు.

గుర్రాలు చూసుకునే రాజన్నది జగిత్యాల. నాకు హెల్మెట్ పెట్టి, చేతిలో సెల్ఫీ స్టిక్ చూసి, "తమ్మీ, గా కట్టె నాకియ్యి. దాన్ని జూస్తే..." అంటుండగానే నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అన్నా, నాకు నేర్పకు. గుర్రం నాకు కొత్త కాదు."

"సరే తియ్, నీ ఇష్టం," అని కళ్లెం నా చేతికిచ్చాడు.

నాలుగడుగులు ఆ గుర్రం పెళ్లికూతురిలా నడిచింది. కంచె అవతల నుంచి సునీత చెయ్యి ఊపింది. ఇంకేం, ఫోన్‌లో లైవ్ పెట్టి, స్టిక్ పొడుగ్గా లాగి, దర్జాగా పైకెత్తాను.

గుర్రం పరుగందుకుంది.

అరుద్దామంటే లైవ్‌లో మా ఆఫీసంతా ఉంది. "ఫ్రెండ్స్, కొంచెం స్పీడ్ పెంచుతున్నా," అన్నాను. పడిపోతానేమోనని బ్యాలెన్స్ కోసం స్టిక్ ఇంకా పైకెత్తాను. అది ఇంకా దౌడు తీసింది. ట్రాకంతా చుట్టి మళ్లీ సునీత వైపు వచ్చేసరికి రాజన్న కంచె పక్కన పరుగెడుతూ అరుస్తున్నాడు.

"కట్టె పారెయ్ తమ్మీ. కొట్టనీకి లేపినవనుకుంటున్నది."

"ఫోన్ కొత్తదన్నా."

"పానం పాతదా?"

పారేశాను. గుర్రం ఠక్కున ఆగింది. నేను మాత్రం ఆగలేదు. ఇసుకలో బోర్లా పడి "అమ్మా" అన్న నా కేక కూడా లైవ్‌లో వెళ్లిపోయింది.

సునీత కంచె దూరి వచ్చింది. "చెయ్యి కదపండి. కాలు కదపండి. నోరు బాగానే పనిచేస్తోంది లెండి, అందరం విన్నాం. ఇంతకీ ఇదివరకు ఎన్నిసార్లు ఎక్కారండీ?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు. "ఒక్కసారి. బావ పెళ్లిలో. అప్పుడు గుర్రం కదల్లేదు కూడా."

ఆమె నా చొక్కాకంటిన ఇసుక దులిపి వెళ్లిపోయింది. సంబంధం ఖలాస్ అనుకున్నాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది.

"పడ్డాకైనా నిజం చెప్పారు. నాన్నగారికి సరేనన్నానండీ. కాకపోతే పెళ్లికి మీరు కారులోనే రావాలి."

కాబట్టి, ఒంటినిండా రాసుకున్న బామ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాలుగు కాళ్లున్న దేని మీద కూర్చున్నా ఇక సెల్ఫీ స్టిక్ ఎత్తను. అది కుర్చీ అయినా సరే.