గోడ కంతలో ఉమ్మడి పరిశోధన

కాంక్రీటు మాస్టారు పనిచేసే సాంకేతిక విశ్వవిద్యాలయానికీ, పక్కనే ఉన్న మరో సాంకేతిక విశ్వవిద్యాలయానికీ నడుమ ఒకటే ప్రహరీ గోడ. సివిల్ ల్యాబు వెనకాల, ఎప్పుడో చెట్టు కూలి ఇటుకలు ఊడిన చోట, మనిషి వంగి దూరేంత కంత ఉండేది. ఆ రెండు సంస్థల మధ్య సహకారమంటూ ఏదైనా ఉందంటే అదంతా ఆ కంతలోంచే నడిచేది.

కాంక్రీటు క్యూబులు పోసే అచ్చులూ, వాటిని నానబెట్టే నీళ్ల తొట్లూ ఇటువైపు. వాటిని నొక్కి, ఎంత బరువుకు పగులుతాయో తేల్చే పెద్ద మిషను అటువైపు. ఆ మిషను చూసే ప్రొఫెసరు మాస్టారితో కలిసి చదువుకున్నాయన. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ 'బావా' అనే పిలుచుకునేవారు. మాస్టారు క్యూబులను తడి గోనెసంచిలో చుట్టి కంత దగ్గర పెడితే, బావ వచ్చి పట్టుకుపోయేవారు. ఇటు పిల్లలు అటు దూరి మిషను నేర్చుకునేవారు, అటు పిల్లలు ఇటు దూరి చేతులకు సిమెంటు పూసుకునేవారు. దీనికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. అందుకే చక్కగా సాగింది.

మాస్టారి ప్రాణమంతా ఒక్కదాని మీదే. బాయిలర్ల బూడిద కలిపిన సిమెంటు మొదట్లో నీరసంగా ఉన్నా, ఏడాది తిరిగేసరికి మామూలు సిమెంటును మించిపోతుందని ఆయన వాదన. తోటివాళ్లు మొహం మీదే నవ్వేవారు. రిటైరయ్యేలోపు నిరూపించాలన్న పంతంతో ఆఖరి విడత క్యూబులు పోసి, ఏడాది పాటు నానాలని తొట్టిలో పెట్టారు. ఇవి పోతే మళ్లీ పోసి ఇంకో ఏడాది ఆగుదామంటే ఉద్యోగం ఆగదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"మనిద్దరం దిగిపోయాక ఈ కంత సంగతి ఎవడికి పడుతుంది బావా? ఏదో ఒకటి కాగితం మీద పెట్టిద్దాం," అన్నారు మాస్టారు.

"నడిచేదాన్ని ఎందుకు కెలుకుతావు?" అన్నారు బావ. మాస్టారు వింటేగా!

వీసీలిద్దరికీ ఆలోచన తెగ నచ్చేసింది. ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఉమ్మడి కమిటీ పుట్టింది, బావలిద్దరూ సమన్వయకర్తలయ్యారు. ఇక క్యూబు గోడ దాటాలంటే రెండు వైపులా సంతకాలు కావాలి, మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి పెద్ద గేటు లోంచి పోవాలి. నిన్నటిదాకా బావా అన్న నోటితోనే 'గౌరవనీయులైన సహ సమన్వయకర్త గారికి' అని రాయాల్సి వచ్చింది. కమిటీ తొలి సమావేశం లోగో ఎలా ఉండాలో చర్చించింది. మలి సమావేశం ఆ లోగోలో ఎవరి పేరు ముందుండాలో చర్చించింది. ఈలోపు క్యూబులకు ఏడాది నిండింది. అనుమతి మాత్రం రాలేదు.

మాస్టారు ఫోను చేశారు. "అనుమతి వచ్చేలోపు వీటికి పెళ్లీడొచ్చేలా ఉంది బావా!"

"మన పాత పద్ధతే మేలు. కంత దగ్గర పెట్టు, రేపు పొద్దున్నే పట్టుకుపోతా. మిగిలిన బూడిద సిమెంటు కూడా పెట్టు, చూస్తా."

మాస్టారు క్యూబులన్నీ అక్కడ పేర్చి, పక్కనే సిమెంటు బస్తా పెట్టి ఇంటికెళ్లారు.

మర్నాడు సహకార ప్రారంభోత్సవం. పొద్దున్నే సమన్వయకర్తలిద్దరినీ వేదిక దగ్గరికి పిలిపించి కూర్చోబెట్టారు. అతిథులు గోడ పక్కగా నడుస్తారు కాబట్టి కంత కనబడకూడదని పైనుంచి ఆర్డరు. మేస్త్రీలు వచ్చి చూస్తే నున్నటి దిమ్మలు, పక్కనే సిమెంటు బస్తా! ఎవరో పుణ్యాత్ములు అన్నీ సిద్ధం చేశారనుకున్నారు. మధ్యాహ్నానికల్లా కంత మూసి, పైన సిమెంటు పూసి గిలాబా చేసి, కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ కూడా వేయించేశారు.

సాయంత్రం మాస్టారి వైపు వీసీ గారు ఆ బొమ్మ మీద చెయ్యేసి, "మన సహకారానికి ఇదే గుర్తు," అన్నారు.

"క్యూబులేవి?" అని బావ మాస్టారి చెవిలో అడిగారు. మాస్టారు కళ్లతోనే గోడ చూపించారు. తర్వాత ఇద్దరూ అందరితో పాటు చప్పట్లు కొట్టారు.

గోడ విప్పించమని కమిటీ తరఫున ఇద్దరూ కలిసి అడిగారు. "ప్రారంభించి నెల కాలేదు, అప్పుడే సహకారాన్ని పగలగొడతారా?" అని వీసీ గారు నొచ్చుకున్నారు. మాస్టారు రిటైరయ్యారు.

"పెళ్లయినప్పటి నుంచీ మీ బూడిద సిమెంటు కథే వింటున్నాను. ఇంతకీ అది గట్టిదా, కాదా?" అని ఇంట్లో భార్య అడిగింది. ఆ ప్రశ్న ఆయన్ని తొలుస్తూనే ఉంది.

మళ్లీ ఏడాది తిరిగింది. ఒక సెలవు రోజు మాస్టారు పెద్ద సుత్తి పట్టుకుని, పాత ల్యాబు వెనక్కి చేరారు. బావ అటువైపు నిలబడ్డారు. కంత తెరుచుకుంటే కుర్రాళ్లు మళ్లీ ఇటూ అటూ దూరతారు కదా అన్నది ఇద్దరి ఆశ.

"ఉన్నావా బావా?"

"ఉన్నా. కొట్టు!"

జీవితంలో మొదటిసారి తన కాంక్రీటు పగిలిపోవాలని మాస్టారు మనసారా కోరుకున్నారు. బలమంతా కూడదీసుకుని కొట్టారు. రంగు రాలింది, గిలాబా రాలింది. మళ్లీ కొట్టారు. ఫట్‌మని పెద్ద చప్పుడైంది.

"విరిగిందా?" అటునుంచి బావ ఆత్రంగా అరిచారు.

"విరిగింది."

"ఎంత మేర?"

"సుత్తి కర్ర బావా."

గోడ అవతల నవ్వు మొదలైంది. మాస్టారు మాత్రం ఊడిన గిలాబా కింద బయటపడ్డ తన క్యూబు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. దాని మీద గీత కూడా పడలేదు.

"నే చెప్పలా, గట్టిదని," అన్నారు.