వంత పాడిన మనిషి

"ఎత్తుకో," అన్నాడు మా ఆయన.

"ఈడనా? పక్క బెడ్డుల తెల్లాయన పండుకున్నడు," అన్నాను.

ఈ కెనడాలో, బ్రాంప్టన్ ఆస్పత్రిలో మేమిద్దరం చివరగా అనుకున్న మాటలు అవే. నేను పాట ఎత్తుకోలేదు. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తెరవలేదు.

నలభై ఏళ్ళు ప్రతి పాటకు ముందు ఆయన అన్న మాట అదే. నేను ఎత్తుకుంటే, ఆయన వెనక నుంచి వంత అందుకునేవాడు.

ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు తమ పుస్తకంలో నా గురించి వేస్తారట. "పల్లెపాటల మహారాణి" అని వాళ్ళే రాసి పంపారు. మా తమ్ముడి కూతురు చదివి వినిపించింది. అందులో మా ఆయన ఎక్కడా లేడు. అందుకే నేను చెబుతున్నాను, ఈ పిల్ల రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

పెళ్ళికి ముందు మా ఊళ్ళో వరి నాట్లలో పాడేదాన్ని. మా ఆయన నారు కట్టలు మోసుకొచ్చి మా మధ్యకు విసిరేవాడు. విసురుతూ విసురుతూనే వంత కలిపాడు. ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏందిరా, రేపు కొంగు గూడ సుట్టుకొస్తవా?" అంది మా వరసలో పెద్దామె.

"కొంగెందుకే వదినా, బురదైతది."

పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, నేనొక్కదాన్నే పాడితే ఏం పోతుందని.

"నువ్వు ఊపిరి తీసుకునేదాంక పాట కింద పడొద్దు గదా. నేను పట్టుకుంట," అన్నాడు.

క్యాసెట్ చేస్తామని పట్నం పిలిపించినప్పుడు ఆయన్ని బయట కూర్చోబెట్టారు. వంతకు వాళ్ళ మనుషులే ఉన్నారట. అద్దాల గదిలో చెవులకు ఏవో తగిలించి నన్ను నిలబెడితే రెండో చరణం రానే లేదు. మంచినీళ్ళు ఇచ్చారు, ఫ్యాన్ వేశారు. "మా ఆయన్ని లోపలికి రానియ్యిర్రి. లేకుంటే బస్సెక్కుతం," అన్నాను. రానిచ్చారు. ఆ క్యాసెట్టే బస్సుల్లో, టీ కొట్లలో, పెళ్ళిళ్ళలో మోగింది. అట్ట మీద నా బొమ్మ ఒక్కటే వేశారు. ఆ తర్వాత ఎన్ని స్టేజీలెక్కినా ఆయన నాకు రెండడుగుల వెనకే నిలబడ్డాడు.

ఇప్పుడు నా గొంతు గరగర. శనివారం మిల్టన్‌లో ప్రోగ్రాం. సంఘం పెద్ద, రిటైరైన డాక్టరు గారు, ఇంటికొచ్చారు.

"మీరు ఊరికే నిలబడండమ్మా. పాత రికార్డు ప్లే చేస్తాం. పెదాలు కదిపితే చాలు, ఎవరికీ తెలీదు."

ఆ రికార్డులో మా ఆయన గొంతు ఉంది. అబద్ధమెందుకు, ఆశపడ్డాను. కానీ నేను ఊపిరి తీసుకోకుండా పెదాలు ఆడిస్తుంటే, ఆయన ఎవరి కోసం పట్టుకున్నట్టు?

"పాడితే పాడుత సారూ. ఉత్త నోరు మాత్రం ఆడియ్య."

"మధ్యలో గొంతు ఆగిపోతే?"

"ఆగితే వంత ఉంటది."

వంత ఎవరని డాక్టరు గారు అడగలేదు. ఆయన వెళ్ళాక ఇది, మా తమ్ముడి కూతురు, అడిగింది. కాలేజీకి పోయి, ఆ పైన స్టోర్‌లో షిఫ్ట్ చేసి వచ్చే పిల్ల.

"అత్తా, నన్ను చూడకు. నాకు పాడరాదు. స్టేజ్ ఫియర్ గూడ ఉంది."

"పాడకు. పట్టుకో."

వారం నుంచి వంటింట్లో నేర్పుతున్నాను. మొదట్లో నా మాట పూర్తికాకముందే దూకేది. "నా భుజం చూడవే, పైకి లేస్తే అందుకో," అని చెప్పాను. నిన్న మూడో చరణంలో గొంతు నిజంగానే తెగింది. ఇది వదల్లేదు. నా దగ్గు ఆగి నేను మళ్ళీ అందుకునేదాకా, చేతిలో గరిటె పట్టుకుని అదే ముక్క తిప్పి తిప్పి పాడింది. శ్రుతి లేదు. పాట మాత్రం కింద పడలేదు.

శనివారం నా గొంతుతోనే పాడతాను. మొదలుపెట్టే ముందు వెనక నుంచి మా ఆయన అనే మాటే నాతో అనాలని దీనికి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు రాసింది కాబట్టి తెలిసింది.

ఇగ చాలు బిడ్డా. మొదటి నుంచి చదువు. నేను జర ఊపిరి తీసుకుంట.