సున్నం కింది జాజు

నిన్న సాయంత్రం చిన్నాయన ఫోన్ చేశాడు. మామూలుగా ఆయన నాతో మాట్లాడడు; నేను ఎత్తితే "నాయినకియ్యి" అంటాడు. నిన్న మాత్రం నాతోనే పని పడింది. ఆయన కూతురికి, అదే మా చెల్లెకు, పెళ్లి కుదిరిందట. పెళ్లికి ముందు ఇంటి దగ్గర ఫొటోలు తీస్తారట. ఆ తీసేవాళ్లకు వెనకాల పాతకాలపు గోడ కావాలట. "మీ అవ్వ ఏసేటి బొమ్మలు నీకొస్తయి గద బిడ్డా. రోడ్డు దిక్కు గోడ మీద జర ఏసిపో. ఇప్పుడు గవే ఫ్యాషనంట. మొన్ననే సున్నం గూడ గొట్టించిన. ఖాళీ గోడే గద." నేను "చూస్తా" అని పెట్టేశాను. నాకు కోపం వస్తే మాట రాదు. మా ఇంట్లో దాన్ని మంచితనం అనుకుంటారు. తర్వాత డైరీ తెరిచి కూర్చుంటే రెండే మాటలు వచ్చాయి: ఖాళీ గోడ. వాటినే పేజీ చివరిదాకా రాశాను, పెన్ను కాగితాన్ని చింపేదాకా.

ఆ గోడ సంగతి మొదలైంది నా ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో. నల్గొండ నుంచి కట్టంగూర్ దగ్గర చిన్నాయన వాళ్ల ఊరికి నన్ను నెల రోజులకు పంపారు. బట్టల సంచి కంటే పుస్తకాల సంచి బరువుందని చిన్నమ్మ దాన్ని కాలితో పక్కకు జరిపింది. "కండ్లు వోతయ్ గని, మనుషులల్ల తిరుగు జర" అనేది. మనుషుల్లో తిరగడమే నాకు కష్టం. వసారాలో మూలకు కూర్చుని పుస్తకాల అంచుల మీద పెన్సిలుతో పిట్టలు వేసుకునేదాన్ని. ఒకరోజు అవ్వ, అదే చిన్నాయన తల్లి, మా నానమ్మ, వచ్చి వంగి చూసింది. "కాయితం మీద ఏస్తే ఎవడు జూస్తడే? మూస్తే మూతవడె. దా, నీకు గోడ జూపిస్త" అంది.

రోడ్డు వైపున్న ఆ మట్టిగోడకు కింద రంగు పట్టీ వేసి చాలా ఏళ్లయినట్టుంది, రంగంతా రాలిపోయింది. మొదట దానికి జాజు పూయాలి. ఎర్రమట్టి అంటే ఎర్రమట్టే కదా, అంగట్లో దొరుకుతుంది కదా అన్నాను. అవ్వకు కోపమొచ్చింది. "గది జాజా? ఇటుకపొడి. గోడకు రాస్తే చేతికంటుకుంటది, చేతికి రాస్తే కొంగుకంటుకుంటది." ఆమె పుట్టిన ఊరు మక్తల్ అవతల. అక్కడి దిబ్బ మీద తవ్వుకొచ్చిన జాజు తప్ప మరొకటి జాజు కాదు ఆమె లెక్కలో. చిన్నాయన "మన్ను కోసం గంతదూరమా, ఎవరన్న నవ్విపోతరు" అన్నాడు. నవ్వేవాళ్లను నవ్వనిచ్చి మేమిద్దరం బస్సెక్కాం. నల్గొండలో ఒకటి మారి, మహబూబ్‌నగర్‌లో ఇంకొకటి మారి, కిటికీలోంచి నిప్పులాంటి గాలి కొడుతుంటే కందిచేలు కోసేసిన బీళ్లను, గుట్టల మీద గుండ్లను చూస్తూ పోయాం. దారిపొడవునా అవ్వ చూపిన ప్రతి గుట్ట వెనకా ఆమెకొక చుట్టం ఉన్నాడు. తిరిగి వస్తుంటే కండక్టరు మా మూటను కాలితో తట్టి చూశాడు. "ఏంది అవ్వా గిది? మన్నా? మన్నుకు లగేజి టికెట్ గొట్టాలె." అవ్వ మూటను ఒడిలోకి లాక్కుంది. "మన్నెందుకైతది బిడ్డా, మా పుట్టింటోళ్లు వెట్టిన సారె." బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి టికెట్ కొట్టకుండా వెళ్లాడు. నేను మాత్రం సిగ్గుతో కిటికీలోకి ముఖం పెట్టాను. ఆ రోజు నవ్వలేకపోయినందుకు ఇప్పటికీ చింతగా ఉంటుంది, బస్సులో మట్టిని పుట్టింటి సారెగా చెప్పగలిగిన మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, గోడ మీదే గడిచాయి. అవ్వకు గడియారం చూడరాదు. చూరు నీడ గోడ దిగి నేల మీదికి వచ్చిందంటే పని మొదలన్నమాట. ఎండలో పూస్తే జాజు తొందరగా ఆరి పొడై రాలిపోతుంది. గోడను తడపాలి, తడి పీల్చుకున్నాక తుమ్మబంక కలిపిన జాజును గుడ్డతో అద్దాలి. ఆరాక సున్నంతో బొమ్మలు. కుంచెలు కొననక్కర్లేదు. ఈతపుల్ల కొసను రాయితో నలగ్గొడితే చాలు. అవ్వ చెయ్యి వణికేది. అందుకని గీత మొదలు ఆమె పెట్టేది, నా మణికట్టు పట్టుకుని చివరిదాకా నడిపించేది. జొన్నకంకులు, ఎద్దు గిట్టల వరస, పల్లేరుకాయలు, ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే కౌజుపిట్టలు. వాళ్ల అమ్మ వేసినవట. కట్టంగూర్ వైపు ఎవరికీ రావు, వాళ్ల ఊళ్లోనూ ఇప్పుడెవరూ వేయడం లేదు. "నా చెయ్యి వొయ్యేలోపు నీ చేతికెక్కాలె" అని తొందరపెట్టేది. నాకు మాట రాదని ఊరంతా అంటే, "మాట రాకుంటే మాయె, చెయ్యి ఆడుతాంది గద" అని కసిరేది. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పుట్టి బుద్ధెరిగాక నలుగురు నా వైపు చూస్తుంటే దాక్కోబుద్ధి కాకపోవడం అదే మొదలు.

ఒక మూల మాత్రం మిగిలింది. సున్నం అయిపోయింది. నీళ్లు పోస్తే బుసకొట్టే రాళ్లసున్నమే కావాలని అవ్వ పట్టుబడితే, పొద్దున్నే చిట్యాలకు పోయి తెచ్చాం. తెల్లసున్నం మోసుకుని పొద్దుగూకేవేళ ఇంటికొచ్చేసరికి గోడంతా తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద నీలిరంగులో ఏదో సిమెంటు కంపెనీ పేరు, కింద "తరతరాల బలం" అని. మట్టిగోడ మీద! నిచ్చెన అప్పటికే వెళ్లిపోయింది. చిన్నాయన గుమ్మంలో నిలబడి, కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన గోడ గడియారాన్ని అంగీతో తుడుస్తున్నాడు.

"గా బొమ్మలెక్కడరా?" అంది అవ్వ.

"ఖాళీ గోడేనా అని అడిగిన్రు, అవునన్న. పిట్టలు మళ్ల ఏసుకోరాదే? ఆటకేసినయే గద."

"ఆటకా?" అవ్వ సున్నం మూట కింద పెట్టింది. "మీ అమ్మమ్మ చెయ్యిరా అది."

చిన్నాయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. "మస్తు నడుస్తాంది" అన్నాడు. దాన్ని తీసుకెళ్లి అదే గోడకు లోపలివైపు మేకు కొట్టి తగిలించాడు. ఆ దెబ్బలకు బయట పొడి రాలడం నేను చూశాను.

నేను ఏడుస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయింది. "ఏడువకు. జాజు మీద సున్నమేస్తే ఊకుంటదా? వానకాలం రాంగనే పైకొస్తది." మేం తెచ్చిన జాజు మాట తప్పలేదు. తొలివానకే తరతరాల బలం మీద ఎర్రటి మరకలు లేచాయి, పుండు మీద కట్టులోంచి నెత్తురు వచ్చినట్టు. అవ్వ అరుగు మీద కూర్చుని పడీపడీ నవ్విందని నాయిన చెప్పాడు. కానీ కంపెనీ వాళ్లు ఊరుకోలేదు, మళ్లీ వచ్చి ఈసారి ఆయిలు రంగు దట్టంగా కొట్టారు. ఆ రంగు కింద జాజుకు ఊపిరాడలేదు. అవ్వ మరి ఏ గోడా ముట్టుకోలేదు. మరుసటి ఎండాకాలం నేను వెళ్లేసరికి ఆమె చెయ్యి గ్లాసు కూడా పట్టలేని స్థితికి వచ్చింది. వానలు పడకముందే పోయింది. ఆ కౌజుపిట్టలు ఇప్పుడు నా ఒక్క చేతిలోనే ఉన్నాయి. వాటిని పెళ్లి ఫొటోలకు వెనకాల గుడ్డలా పరచమంటున్నాడు.

ఇవాళ పొద్దున నేనే ఫోన్ చేశాను.

"నేను రాను చిన్నాయినా. ఆ గోడ ఖాళీ లేదు."

"ఖాళీ లేకపోవుడేందే? ఆయిలు రంగు పెచ్చులు పెచ్చులు లేశిపోయింది. సున్నం గొట్టించిన అంటి గద."

"తొలివాన దాక ఆగి చూడు. ఎవరి బొమ్మలున్నయో అదే చెప్తది."

వెనకాల చిన్నమ్మ ఎవరినో కేకేయడం వినిపించింది. చిన్నాయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అన్నాడు: "ఎన్నేండ్ల ముచ్చటనే అది! ఇంకా కోపమేనా?"

గోడనిచ్చి గడియారం తెచ్చుకున్న మనిషి, ఎన్నేళ్లయిందని నన్నడుగుతున్నాడు.